నికోటిన్ లేదన్న ధీమా

నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఇప్పుడు పీరియడ్ మొత్తం పాఠం చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఒకసారి కుర్చీలో కూర్చోవాలి, అంతే. కిందటి చలికాలం నాకు వచ్చిన జబ్బు గురించి అడిగినవాళ్లకు తలా ఒక ముక్క చెప్పాను కాని మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పబోతే మాట సగంలో ఆగిపోయేది. కొన్నాళ్లు నిజంగానే ఊపిరి చాలక, ఆ తర్వాత వేరే కారణాలతో. ఇప్పుడు రాయగలననిపిస్తోంది. నన్ను అందాకా తెచ్చిన వస్తువును జేబులో పెట్టుకుని "దీంట్ల ఏం లేదు" అనుకునేవాళ్లు ఒక్కరైనా ఇది చదివితే మంచిదే.

నవంబరు

దీపావళి వెళ్లిన వారంలో దగ్గు మొదలైంది. పొడిదగ్గు. పటాకుల పొగ పడలేదేమో అనుకున్నాం. నాలుగు రోజులకు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. అన్నం ముందు కూర్చుంటే వాంతి వచ్చినట్టుండేది. ఒకరోజు సెకండియర్ క్లాసులో బోర్డు మీద సమీకరణం రాస్తూ ఒక వాక్యం మొదలుపెట్టాను. సగంలోనే ఊపిరి అయిపోయింది. వాక్యం మధ్యలో ఆగి గాలి పీల్చుకోవడం అప్పటిదాకా నాకు తెలియదు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. రెండోసారి ఆగినప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. నాకు భయం పుట్టింది ఆ నిశ్శబ్దానికే.

నా అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. పాప మిన్ను పుట్టకముందు నేను సిగరెట్లు తాగేవాణ్ని. నా భార్య స్వరూప కడుపుతో ఉన్నప్పుడు మానేశాను. మానడం అనుకున్నంత తేలిక కాలేదు. చిరాకు, నిద్ర లేకపోవడం, తిన్న తర్వాత చేతులకు ఏం చేయాలో తోచకపోవడం. మరుసటి ఏడాది స్వరూప తమ్ముడు నరేశ్ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నా అవస్థ చూసి ఒక వేప్ ఇచ్చాడు. పెన్ను కన్నా కాస్త లావుగా ఉంటుంది. లిక్విడ్ నింపి గుండీ నొక్కి పీలిస్తే మామిడిపండు వాసనతో తెల్లటి మబ్బు వస్తుంది. సీసా మీద నికోటిన్ సున్నా అని రాసి ఉంది. నేను చదువుకున్న సబ్జెక్టు కదా, మిగతా పేర్లు కూడా శ్రద్ధగా చదివాను. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, ఫ్లేవర్. అన్నీ తినే వస్తువుల్లో కలిపేవే. నిప్పు లేదు, బూడిద లేదు, నికోటిన్ లేదు. సిగరెట్ వాసన గిట్టని స్వరూప కూడా ఊపిరి పీల్చుకుంది. మన దేశంలో వీటి అమ్మకం నిషేధమని తెలుసు. అది నికోటిన్ ఉన్నవాటి సంగతి అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నరేశ్ తెచ్చినవి అయిపోయాక ఎవరెవరి ద్వారానో సీసాలు తెప్పించుకున్నాను. వాటిలో కొన్నింటికి సరైన లేబుల్ కూడా ఉండేది కాదు.

అట్లా మూడేళ్లకు పైనే గడిచింది. క్లాసు అయిపోగానే కాలేజీ వెనక నిలబడి నాలుగు దమ్ములు. తోటి లెక్చరర్లు అడిగితే ఉత్త ఆవిరే అని చెప్పేవాణ్ని. సిగరెట్ మానలేకపోతున్న ఇద్దరికి దీన్ని వాడమని సలహా కూడా ఇచ్చాను.

దగ్గు మందులు వాడాను. టైఫాయిడ్ అన్నారు, కాదన్నారు. డెంగీ పరీక్ష చేశారు, అదీ కాదు. బెల్టు లోపలి రంధ్రాల్లోకి పోయింది. నవంబరు చివరికి మా అద్దె ఇంటి మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. మిన్ను నా పక్కన కూర్చుంది. ఆట అనుకుంది.

డిసెంబరు

ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆ హాలులో కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే భాష, దగ్గు. మా వరుస రాకముందే నా పెదాల రంగు చూసి నర్సు మమ్మల్ని ముందు లోపలికి పంపింది. అందరికన్నా వెనక వచ్చినవాణ్ని ముందు పంపినా ఎవరూ మాట అనలేదు. ఒకాయన లేచి దారి ఇచ్చాడు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా మసకబారి ఉన్నాయి. డాక్టరు నడివయసావిడ, తక్కువ మాట్లాడే మనిషి. సిగరెట్ తాగుతారా అని అడిగింది. మానేసి నాలుగేళ్లయిందన్నాను. అది అబద్ధం కాదు. వేప్ మాట చెప్పాలని నాకు తట్టనే లేదు, ఎందుకంటే నా దృష్టిలో అది పొగ కాదు. వెంటనే చేర్చుకున్నారు.

టీబీ కావచ్చన్న మాట బంధువుల్లోకి ఎట్లా పాకిందో తెలియదు. నస్పూర్ నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, వచ్చి మిన్నును తీసుకుపోయింది. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే ఆటోలో పాప చెయ్యి ఊపడం కనిపించింది. స్వరూప నా గ్లాసు వేరుగా పెట్టడం గమనించాను. ఆమె తప్పేమీ లేదు, చిన్నపిల్ల తల్లి. అయినా ఆ గ్లాసు నా కళ్లలోంచి చాలారోజులు పోలేదు.

టీబీ కాదని తేలింది. మిగతా పరీక్షల్లోనూ ఏ క్రిమీ దొరకలేదు. మందులు ఎక్కుతున్నాయి, నేను మాత్రం దిగిపోతున్నాను. ఒక ఉదయం గొంతు విపరీతంగా మండుతుంటే ప్యాంటు జేబులోంచి వేప్ తీసి బాత్రూంలోకి వెళ్లాను. ఆవిరి పడితే గొంతుకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఇదే నా రోగమని అప్పటికీ నాకు స్ఫురించలేదు. రెండో దమ్ముకు వచ్చిన దగ్గు ఇక ఆగలేదు. నేల మీద కూలబడ్డాను. స్వరూప తలుపు తోసుకుని వచ్చింది. నన్ను లేపి మంచం మీదికి చేర్చి, ఆక్సిజన్ పెట్టించి, మళ్లీ బాత్రూంలోకి వెళ్లింది. అక్కడింకా మామిడిపండు వాసన నిండి ఉంది. ఆ వస్తువు తీసుకుని నేరుగా డాక్టరు గదికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు డాక్టరు ఆమె వెంట ఉంది.

"మేడం, ఈయన రోజూ ఇది పీలుస్తడు. నికోటిన్ లేదంటే నేను కూడ ఊకున్న," అంది స్వరూప.

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే చెప్పాను. చెప్పి, మాస్కు కిందనుంచే, దీంట్లో నికోటిన్ లేదు మేడం అని మళ్లీ అన్నాను. ఆ స్థితిలో కూడా నేను దాని తరఫునే వాదిస్తున్నాను.

ఆమె విసుక్కోలేదు. మంచం పక్కన కూర్చుని చెప్పింది. "నికోటిన్ లేకుంటే ఒక ముప్పు తగ్గింది అనుకుందాం. మిగిలింది మంచిదని ఎవరు చెప్పిండ్రు మీకు? ఇవి తినే వస్తువులే కావచ్చు. కడుపుకు అరిగించుకునే పని తెలుసు. ఊపిరితిత్తులకు గాలి తప్ప ఇంకోటి తెల్వది. మీరు రోజూ జిగట ద్రవాన్ని కాలబెట్టి అక్కడికి పంపుతున్నరు."

ఏ పదార్థం ఈ పని చేసిందో తాను కచ్చితంగా చెప్పలేనని కూడా అంది. వేరే కారణాలన్నీ కాదని తేలాయి కాబట్టి, ఇది మిగిలింది కాబట్టి, దీనికి తగ్గ వైద్యం మొదలుపెడతానంది. స్టెరాయిడ్లు రాసింది.

ఆమె వెళ్లిపోయాక నాకు మా కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. గ్లిజరిన్‌ను గట్టిగా వేడి చేస్తే అక్రోలిన్ అనే ఘాటు వాయువు వస్తుందని ఏటా నేనే చేసి చూపిస్తాను. పిల్లలు ముక్కులు మూసుకుని కిటికీల దగ్గరికి పరుగెత్తుతారు. పరీక్షనాళికలో చూపించిన ఆ సంగతిని నా జేబులో ఉన్నదానికి ఒక్కనాడూ అన్వయించుకోలేదు. 

మందు పనిచేసేలోగానే పరిస్థితి దిగజారింది. ఐసీయూకి మార్చారు. అక్కడి విషయాలు నాకు వరుసగా గుర్తులేవు. ముఖాన్ని నొక్కిపట్టిన మాస్కు, దానిలోంచి హోరుగా తోసుకొచ్చే గాలి. బోర్లా పడుకోబెట్టేవారు. ఒక నర్సు నా చెవి మడతపడకుండా దిండు సర్దేది, ప్రతిసారీ. ఇంతమంది ప్రాణాల మధ్య నా చెవి గురించి పట్టించుకునే మనిషి ఉందని నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే ఊపిరి చాలదు కాబట్టి ఏడవకుండా ఉండటం నేర్చుకున్నాను. అప్పుడే ఒకటి తీర్మానించుకున్నాను. రేపటి సంగతి ఆలోచించొద్దు. ఈ శ్వాస తీసుకోవాలి, దాన్ని మెల్లగా వదలాలి, తర్వాత ఇంకోటి.

బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. మా బాపు నస్పూర్‌లో ఉంటూ బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గు వింటూనే మేం పెరిగాం. లోపలికి పంపేటప్పుడు తొడిగిన ఆకుపచ్చ గౌను ఆయనకు పొట్టిదైంది. కాళ్ల దగ్గర నిలబడి నన్ను మాట్లాడొద్దని చేత్తోనే చెప్పాడు.

"బావిల దిగినప్పుడు మాకు పైనుంచి గాలి పంపేటోళ్లు బిడ్డా. ఆ గాలి ఎటు నుంచి వస్తే అటే మొఖం పెట్టి నిలబడేది," అన్నాడు. "నువ్వు పైన ఉన్నవ్. ఎటు జూసినా గాలే ఉండె. గా గాలి ఇడిచిపెట్టి..."

నా పాదం పట్టుకుని ఒత్తుతూ, వేళ అయిపోయిందని పిలిచేదాకా నిలబడ్డాడు. చిన్నప్పుడు నేను ఎప్పుడైనా పరీక్ష తప్పితే ఆయన తిట్టేవాడు. ఆ రోజు తిడితే బాగుండుననిపించింది.

మందు మెల్లగా పట్టింది. ఐసీయూ నుంచి మామూలు గదిలోకి మార్చారు. పక్క మంచం మీద ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. పత్తి రైతు. బీడీలతో ఊపిరితిత్తులు చెడిపోయిన మనిషి. అందర్నీ మరాఠీలో తమ్ముడూ అన్నట్టు 'భావూ' అని పిలిచేవాడు. నమలడానికీ శ్వాసకీ పొత్తు కుదరక నేను అన్నం వదిలేస్తుంటే ఆయన తన మంచం మీది నుంచే నన్ను కనిపెట్టి ఉండేవాడు. స్వరూప కుర్చీలో కూర్చుని తూలుతుంటే, పోయి పడుకో బిడ్డా, నేను చూసుకుంటానని పంపేవాడు. నాతో మాత్రం, "తొందరేం లేదు భావూ. ఒక బుక్క తిను, జర ఊపిరి తీస్కో, మల్ల ఇంకో బుక్క," అనేవాడు. అట్లా నాతో సగం కంచం తినిపించేవాడు.

నా కథ విన్నాక ఆయన మంచం మీద నా వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు. "బీడీ తాగుతున్నందుకు నన్ను ఇంటిల్లిపాది తిట్టిండ్రు. నిన్నైతే మెచ్చుకున్నరట గద."

ఇద్దరం నవ్వబోయి ఇద్దరం దగ్గాం.

జనవరి, ఫిబ్రవరి

మా ఇల్లు పైఅంతస్తులో ఉంది కాబట్టి డిశ్చార్జి అయ్యాక నస్పూర్‌లో బాపు వాళ్లింటికి వెళ్లాం. ఆక్సిజన్ మిషను అద్దెకు తెచ్చి హాల్లో పెట్టారు. దాని గొట్టం ఎంత దూరం వస్తే అంతే నా ప్రపంచం. మిన్ను మొదట దగ్గరికి రాలేదు. స్టెరాయిడ్లతో నా ముఖం ఉబ్బి గుండ్రంగా తయారైంది. ఈయన మా నాన్న కాదని అవ్వతో చెప్పిందట.

ఆ మందులు తెచ్చే ఆకలి ఒక బాధ, కోపం ఇంకో బాధ. కూరలో ఉప్పు చాలలేదని ఒక మధ్యాహ్నం కంచం తోసేశాను. స్వరూప ఎంగిలి మెతుకులు ఎత్తి, చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె ఒక్క మాట అనలేదు. అప్పుడు అంది.

"నువ్వు చస్తవేమో అని భయపడ్డ గా టైంల కూడ నాకు నీ మీద కోపమే వచ్చింది. గా కోపం ఇంక పోతలేదు. పోయేదాక జర నువ్వు కూడ ఓపిక పట్టు."

సరేనన్నాను. మా మధ్య చిక్కుముడి వీడటం ఆ మాటతోనే మొదలైంది. ఆమె నన్ను ఓదార్చి ఉంటే అంత మేలు జరిగేది కాదు.

నరేశ్‌తో మాత్రం ఆమె మాట్లాడటం మానేసింది. వాడు దుబాయ్ నుంచి ఫోన్ చేస్తే కట్ చేసేది. మా అత్త ఇటు కూతురికీ అటు కొడుకుకీ సర్దిచెప్పలేక ఏడ్చేది. నాకు ఎక్కువసేపు మాట్లాడే శక్తి లేదు కాబట్టి వాడికి మెసేజ్ పెట్టాను. నువ్వు నా మంచి కోరి తెచ్చినవు, పీల్చింది నేను, ఫికర్ చేయకు అని. చాలాసేపటికి దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. 

ఆసుపత్రిలో ఒక ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. మూడు గదుల్లో మూడు బంతులు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే అవి లేస్తాయి. మొదట్లో ఒక్క బంతి కదిలి పడిపోయేది. ఒకరోజు బాపు అది చూసి, తనకూ ఒకటి తెమ్మన్నాడు. పొద్దున్నే వాకిట్లో ఎండ పడే చోట రెండు కుర్చీలు వేసుకుని తండ్రీకొడుకులం ఎదురెదురుగా కూర్చుని బంతులు లేపేవాళ్లం. ఆయన రెండు లేపేవాడు. నేను ఒకటి. మా అవ్వ చాయ్ తెచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి లోపలికి పోయేది. నాకు రెండో బంతి లేచిన రోజు బాపు తన పరికరం ఒళ్లో పెట్టుకుని, "ఇగ నీకు ఫికర్ లేదురా," అన్నాడు. ఆ రోజు ఆయన ముఖం నేను ఎప్పటికీ మరిచిపోను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను దీని గురించి ఎవరూ హెచ్చరించలేదు. నికోటిన్ లేదు కాబట్టి అలవాటు కూడా లేదనుకున్నాను. అన్నం తినగానే చెయ్యి జేబులోకి పోయేది. మనసు చికాకైతే పోయేది. ఫోన్ మోగితే పోయేది. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి చెయ్యి, దేనికోసమో తడుముకునేది. నేను వెతుక్కుంటున్నది ఆ వేప్‌ను కాదని కొన్ని వారాలకు అర్థమైంది. నలుగురి మధ్య నుంచి లేచిపోయి ఒంటరిగా నిలబడే ఆ కాసేపటిని వెతుక్కుంటున్నాను. దానికి ఆవిరి అక్కర్లేదు. చెయ్యి జేబులోకి పోయినప్పుడల్లా లేచి గేటు దాకా నడిచి వచ్చేవాణ్ని. మొదట గొట్టంతో తలుపు దాకానే, తర్వాత గొట్టం లేకుండా గేటు దాకా, ఆపై వీధి మలుపు దాకా. ఎన్నిసార్లు చెయ్యి పోతే అన్నిసార్లు నడక. చుట్టుపక్కలవాళ్లు ఈయనకు పిచ్చి పట్టిందనుకున్నారేమో. అనుకోనీ అనుకున్నాను.

ఎండాకాలం

శివరాత్రి తర్వాత మిషను వాపసు ఇచ్చేశాం. కరీంనగర్ వచ్చి కింది వాటాలో ఇల్లు చూసుకున్నాం. ఊపిరితిత్తుల్లో కొంత భాగం మచ్చగా మిగిలిపోతుందని డాక్టరు చెప్పింది. మిగిలిన దానితో బతకడం నేర్చుకోవచ్చు, ఇంక దాన్ని చెడగొట్టుకోకుంటే చాలంది. కాలేజీలో చేరగానే నేను సలహా ఇచ్చిన ఆ ఇద్దరు లెక్చరర్లను స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఒకరు ఆ రోజే మానేశారు. రెండో ఆయన, మీకు పడలేదేమో సార్ అన్నాడు. వాదించలేదు. నా ఎక్స్‌రే ఫొటో ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆయన మళ్లీ ఆ మాట ఎత్తినప్పుడల్లా చూపిస్తున్నాను. ఎత్తడం తగ్గించాడు.

మే నెలలో నరేశ్ సెలవు మీద వచ్చాడు. నన్ను చూసి వంగి కాళ్లు పట్టుకోబోతే లేపాను. స్వరూప నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, అడిగి అడిగి కూర వడ్డించింది కానీ వాడి ముఖం చూసి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వాణ్ని నా వెంట మానేరు డ్యాం కట్ట మీదికి నడకకు తీసుకుపోయాను. నేను మెల్లగా నడుస్తాను. వాడికింకా ముప్పై నిండలేదు. అయినా కొంతదూరం పోయాక దగ్గి ఆగింది వాడు. ఆగి, ఏదో ధ్యాసలో జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసినదాన్ని నేను చూడటం గమనించి మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు.

మానలేదా అని అడిగాను.

"తగ్గించిన బావా. ఇది కూడ జీరోదే. నాకైతే ఏం లేదు," అన్నాడు నేల చూస్తూ.

"నాక్కూడ గట్లనే ఏం లేకుండె," అన్నాను.

వాడు నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేద్దామనుకుని ఆగిపోయాను. కొన్ని మాటలను మనిషి ఒంటరిగా మింగాలి. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాం.

ఇంటికొచ్చాక స్వరూపకు చెప్పాను. దాచే ఉద్దేశం నాకు లేదు. దాని మాట దాచితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నెలల తర్వాత తమ్ముడితో మొదటిసారి మాట్లాడింది.

"తమ్మీ, దవాఖానకు నువ్వే వస్తవా, నేను గుంజుకపోవాల్నా?"

నరేశ్ చెప్పులు ఇంకా విప్పలేదు. జేబులోంచి దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. "వస్త అక్కా," అన్నాడు.

నన్ను బతికించిన డాక్టరు దగ్గరికే ముగ్గురం వెళ్లాం. మేం ఏమీ అడగకముందే వాడే అంతా చెప్పాడు, ఏది ఎన్నాళ్లు పీల్చాడో, ఎక్కడ కొన్నాడో. ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. గొట్టంలోకి ఊదించి చూస్తే ఊపిరి బలం కాస్త తగ్గినట్టు తేలింది. ఇప్పుడు ఆపితే కోలుకుంటుందని, ఆపకుంటే ఎట్లా ఉంటుందో మీ బావను అడగమని డాక్టరు చెప్పింది. నరేశ్ అక్క చెయ్యి పట్టుకుని లేచాడు.

బయట వరండా పొడుగ్గా ఉంది. అక్కాతమ్ముళ్లు ముందు నడుస్తున్నారు. స్వరూప వాడికి ఏదో చెప్తోంది, వాడు తల ఊపుతున్నాడు. నేను నా ఊపిరికి తగ్గట్టు వెనక మెల్లగా నడుస్తున్నాను. గేటు దగ్గర ఇద్దరూ ఆగి, వెనక్కి తిరిగి, నాకోసం నిలబడ్డారు. తొందరపడలేదు నేను.